కంతకు కొసలే ప్రాణం

మీరు తెనాలిలో బస్సెక్కి దక్షిణం వైపు వచ్చారు. దారికి రెండు పక్కలా మాగాణి. వరి కోతలు ఎప్పుడో అయిపోయాయి. కోతకు ముందే మళ్లలో చల్లిన మినుము ఇప్పుడు కాయ మీద ఉంది. అక్కడక్కడా జొన్న, కాలవ గట్ల మీద తాడిచెట్లు. శివరాత్రి దగ్గర పడింది. అమృతలూరు మండలంలోని గోవాడలో బాలకోటేశ్వరస్వామి తిరునాళ్లకు ప్రభలు కట్టే సందడి చుట్టుపక్కల ఊళ్లలో మొదలైంది. మీరు అమృతలూరులో దిగి, సెంటరు దాటి, ఒక వేపచెట్టు కింద ఆగారు.

చెట్టు మొదట్లో గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద ఒక పెద్దాయన, ఆయన మోకాళ్ల ముందు చింతమొద్దు. మొద్దు నిలువుగా నాటి ఉంది. చెట్టును అడ్డంగా కోస్తే కనిపించే వలయాలు పైకి తేలి ఉన్నాయి. ఇది తెలిసి చేసిన పనే. ఇనుప మూతి ఏదైనా మొద్దు మీదికి దిగినప్పుడు కొయ్య పోగుల మధ్య దూరిపోతుంది, అంచు మొద్దుబారదు. పలకను బల్లపరుపుగా వేసి దాని మీద కొడితే అడ్డపోగులకు తగిలి పదును తొందరగా చస్తుంది.

"కూర్చోండి," అని ఆయన పీట చూపిస్తాడు. మీరు కూర్చుంటారు. ముందు తోలు వాసన తగులుతుంది, తర్వాత సొల్యూషన్ ఘాటు, తర్వాత మైనం. ఆయన కుడిచేతి పక్కన పనిముట్లు వరసగా ఉన్నాయి: తోలు కోసే వెడల్పాటి రంపె, కుట్టుకు బెజ్జం పొడిచే ఆరె, చిన్నా పెద్దా గుండు పంచ్‌లు నాలుగు, ఒక అంగుళం ఉలి, తుమ్మకొయ్య సుత్తి, అరిగిన నూనెరాయి. ఎడమ పక్కన ఎద్దుల మువ్వల పట్టెడ సగం విప్పి ఉంది. తిరునాళ్లకు బండి కట్టే రైతు ఎవరో మరమ్మతుకు ఇచ్చి వెళ్లాడు.

ఆ పట్టెడను చేతిలోకి తీసుకుని చూడండి. వెడల్పాటి తోలుపట్టీకి వరసగా సన్నటి కంతలు కోసి ఉన్నాయి. ప్రతి కంతలోంచి మువ్వ కొంకి వెనక్కి దూరింది. వెనక ఒక తోలు వారు ఆ కొంకులన్నిటి గుండా పోయి మువ్వలను పట్టి ఉంచుతోంది. ఎద్దు మెడ ఊపిన ప్రతిసారీ ఆ కంతల మీద గుంజుడు పడుతుంది. ఏళ్ల తరబడి గుంజినా తెగకుండా ఉండే కంత కోయడం ఈయనకు చిన్నప్పటి నుంచి వచ్చిన పని. ఇవాళ మీరు చూడబోయే పనికి మూలం ఈ పట్టెడలోనే ఉంది.

మోటార్ సైకిల్ ఆగిన చప్పుడు. ఖాకీ చొక్కా కుర్రాడు దిగుతాడు. లైన్‌మన్. నడుముకు టెస్టరు, చేతిలో కటింగ్ ప్లేరు, భుజాన సంచీ.

"బాబాయ్, దీనికి ఒర కుట్టాలి. ఈసారి గట్టిగా ఉండాలి. బజార్లో కొన్నది స్తంభం మీద ఉండగానే తెగింది."

"ఎక్కడ తెగిందిరా అబ్బాయ్? తెచ్చావా?"

కుర్రాడు సంచీలోంచి పాత ఒర తీసి ఇస్తాడు. పెద్దాయన దాన్ని తిప్పి చూడడు, వేలు నేరుగా బెల్టు దూరే కంత పైకొసకు పోతుంది. అక్కడి నుంచి తోలు అంచు దాకా చీలిక పాకి ఉంది.

"చూడు, ఎట్టా కోశాడో. కత్తితో గీరి వదిలేశాడు. మూల మూలగానే ఉంది."

మీరూ వంగి చూడండి. రెండు పొడుగు కోతలు, కొసల్లో రెండు పొట్టి కోతలు, అన్నీ నలుచదరంగా కలిశాయి. పైమూలలో కత్తి ఒక నూలు దాటి పోయింది. చీలిక సరిగ్గా అక్కడే పుట్టింది. కటింగ్ ప్లేరు బరువంతా వేలాడేది బెల్టు పైఅంచు మీద. అంటే కంత పైకొస మీద. ప్లేరు పైకి లాగినప్పుడు ఒర కూడా లేస్తుంది, అప్పుడు భారం కింది కొస మీద పడుతుంది. వంగినప్పుడు, స్తంభాన్ని కాళ్లతో పట్టుకున్నప్పుడు నడుము వంపుకి ఒర రెక్కలు బయటికి మెలి తిరుగుతాయి, అప్పుడు రెండు కొసలూ కలిసి మోస్తాయి. పొడుగు గోడలు మోసే భారం తక్కువ. కంతకు కొసలే ప్రాణం.

ఈ సంగతి లోహాలకు కూడా వర్తిస్తుందని 1913లో సి.ఇ. ఇంగ్లిస్ అనే ఇంగ్లండు ఇంజనీరు లెక్కకట్టి చూపించాడు. వెడల్పాటి పలకను లాగినప్పుడు గుండ్రటి చిల్లు అంచున మామూలుకు మూడు రెట్ల గుంజుడు పోగవుతుంది. చిల్లు గుంజుడుకు అడ్డంగా సాగి, కొస సన్నబడే కొద్దీ అది మూడు దాటి ఎక్కడికో పోతుంది. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విచ్చిపోయినప్పుడు, వాటి లోహపు తొడుగులో కోసిన కంతల మూలల దగ్గర పుట్టిన పగుళ్లే కారణమని పరిశోధకులు తేల్చారు. ఆ తర్వాత విమానం కిటికీల మూలలు మరింత గుండ్రంగా తిప్పడం డిజైనర్లకు నియమమైంది. తోలు లోహం లాంటిది కాదు, దాని పోగులు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి, కొంత ఓర్చుకుంటుంది. కానీ కత్తి కొస దాటిన చోట ఆ అల్లిక అప్పటికే తెగిపోయి ఉంటుంది.

ఒర అనగానే తుపాకి గుర్తొస్తుంది గానీ, ఈ ఊళ్లో తుపాకి ఒరలు కుట్టించుకునేవాళ్లు అరుదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్నవాడికే తుపాకి, దానికే ఒర. మన కళ్లకు అలవాటైన తోలు ఒర పోలీసు అధికారుల పెరేడ్‌లో కనిపించే భుజం పట్టీ బెల్టుతో వచ్చింది. 1857 తిరుగుబాటు కాలంలో, 1858లో ఎడమ చేయి పోగొట్టుకున్న శామ్యూల్ బ్రౌన్ అనే అధికారి ఒంటిచేత్తో కత్తి లాగడానికి వీలుగా ఒరను నడుముకు కదలకుండా పట్టి ఉంచే ఆ బెల్టు రూపొందించుకున్నాడు. ఆయన పేరుతోనే అది ప్రపంచమంతా తిరిగింది. కత్తి అయినా పిస్తోలు అయినా, గీత కార్మికుడి కత్తి అయినా లైన్‌మన్ ప్లేరు అయినా ఒర చేయాల్సింది ఒకటే: నడుము కదిలినా తాను కదలకుండా ఉండడం, చేయి పడగానే వస్తువును వదలడం. మొదటిది పూర్తిగా బెల్టు కంత చేతిలో ఉంది.

కుర్రాడు సంచీలోంచి ఇంకో వస్తువు తీస్తాడు. తళతళలాడే పొడుగు పంచ్. మూతి చూస్తే రెండు తిన్నటి అంచులు, కొసల్లో రెండు అర్ధవలయాలు. ఆన్‌లైన్‌లో తెప్పించాడు.

"ఒక్క దెబ్బకి కంత మొత్తం పడుద్దంట బాబాయ్. నీకు పని తేలికవుద్దని తెచ్చా."

పెద్దాయన దాన్ని తీసుకుని చిటికెనవేలి గోరు మూతిలోకి పోనిస్తాడు. లోపలి గోడ గరుకుగా ఉంది. తర్వాత రెండు ముక్కలు అతికించిన వ్యర్థపు తోలును మొద్దు మీద పెట్టి, పంచ్ నిలబెట్టి, కొయ్యసుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేస్తాడు. మూతి మూడో వంతు కూడా దిగలేదు. రెండో దెబ్బ. మూడో దెబ్బ. పైకి తీసి వెనక్కి తిప్పి మీ చేతికిస్తాడు. పైన కంత అందంగా ఉంది. వెనక వైపు పక్కకు ఒరిగి, ఒక అంచున రెండు గీతలు పడ్డాయి. కోసిన ముక్క పంచ్ లోపలే బిగుసుకుంది.

లెక్క వేయండి. ఒర రెక్క రెండు పొరలు. ఒక్కో పొర మూడున్నర మిల్లీమీటర్లు, కలిపి ఏడు. కుర్రాడి బెల్టు అంగుళంన్నర, అంటే 38 మిల్లీమీటర్లు. కంత పొడుగు 40, వెడల్పు 5 అనుకుంటే, పొడుగు పంచ్ ఒకేసారి కోయాల్సిన అంచు 86 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. అదే 5 మిల్లీమీటర్ల గుండు పంచ్‌కు అంచు 16 మిల్లీమీటర్లు కూడా లేదు. అయిదు రెట్ల తేడా. అంత అంచు ఏడు మిల్లీమీటర్ల తోలులోకి నిలువుగా దిగాలంటే చేతి దెబ్బ చాలదు, తిప్పి బిగించే ప్రెస్ కావాలి. ప్రెస్ ఉన్నచోట పొడుగు పంచ్ మంచి పనిముట్టే. రోజుకు యాభై ఒరలు, అన్నీ ఒకే కొలత బెల్టుకు కోసే కార్ఖానాకు అదే సరైనది. ఈ మొద్దు దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకడి బెల్టు అంగుళంపావు, ఒకడిది అంగుళంన్నర, ఒకడిది రెండంగుళాల నవారు. కొలతకో పొడుగు పంచ్ కొని పెట్టుకోవడం డబ్బు దండగ.

"పనికిరాదా బాబాయ్?"

"పనికొస్తది. పల్చని పట్టీలకి, ఒంటి పొరకి దాచుకుంటా. దీనికొద్దు."

"పోనీ కరెంటు డ్రిల్లు తెస్తా. రెండు నిమిషాల్లో పని."

"డ్రిల్లు ఇనుమును చెక్కుద్దిరా. తోలును పీకుద్ది."

ఈ మాట నిజమో కాదో మీరే ఎప్పుడైనా చూడండి. తిరిగే బిట్టు తోలు పోగులను కోయదు, చుట్టుకుని లాగుతుంది. చిల్లు లోపల నూగు లేస్తుంది, వేడికి అంచు నల్లబడి గట్టిపడుతుంది. నూగు లేచిన గోడ తడిని పీలుస్తుంది. కరెంటు పరికరాల్లో ఇక్కడ పనికొచ్చేది ఒక్కటే: కోత అయ్యాక కంత లోపలి గోడను నునుపు చేసే చిన్న గరుకు రోలరు. దానికి కూడా కర్రపుల్లకు చుట్టిన ఎమెరీ కాయితం చాలు. చక్రంలా తిరిగే ఆరు మూతుల ప్లేరు పంచ్ కూడా చాలామంది దగ్గర ఉంటుంది. చెప్పుల పట్టీకి, బెల్టుకు అదనపు బెజ్జం వేయడానికి భేషుగ్గా ఉంటుంది. ఏడు మిల్లీమీటర్ల మందం ముందు దాని దవడలు పూర్తిగా మూసుకోవు, మూతి వంకరగా దిగుతుంది.

ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. దగ్గరికి జరగండి.

ముందు తోలు. పెద్దాయన చుట్టలోంచి ఒక ముక్క విప్పుతాడు. చెన్నై పెరియమేట బజారు దారిన వచ్చిన గేదెతోలు, చెట్టు చెక్కతో శుద్ధి చేసింది. అరచేత్తో వంచితే బిర్రుగా ఎదురు తిరుగుతుంది. కంతలు పడాల్సిన రెక్కలు వెన్ను వైపు తోలులోంచి రావాలి. పొట్ట వైపు తోలు వదులుగా సాగుతుంది, దాంట్లో కోసిన కంత ఆరు నెలలకు పొడవు పెరిగి ఒర ఊగిసలాడుతుంది. ఎంత మంచి పనిముట్టు ఉన్నా ఈ తప్పును సరిచేయలేదు. మెత్తటి క్రోమ్ తోలు కూడా ఇక్కడ వద్దు. చేతిసంచులకు బాగుంటుంది కానీ తడిపి అచ్చు పోస్తే నిలవదు, అంచు రుద్దితే మెరవదు, దాంట్లో మిగిలిపోయిన లవణాలు ఇనుప పనిముట్టుకు తుప్పు పట్టిస్తాయి.

ఒకప్పుడు ఈ తోలు ఊరి చివర లందలోనే తయారయ్యేది. తంగేడు చెక్క దంచి, నీళ్లలో ఊరబెట్టి, తోలును రోజుల తరబడి అందులో నానబెట్టేవాళ్లు. ఆ వాసన భరించింది, ఆ నీళ్లలో చేతులు పెట్టింది మాదిగవాడ. చెప్పులు, మోట బొక్కెనలు, పలుపులు, పట్టెడలు, డప్పులు ఊరికిచ్చి, బదులుగా అంటరానితనం పుచ్చుకుంది. తంగేడు చెక్కతో శుద్ధి చేసిన తోలు ఈస్టిండియా తోలు పేరుతో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కేది. 1903లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతిని ప్రయోగించాక కార్ఖానాల దారి వేరైంది. లందలు ఒక్కొక్కటే పూడాయి. రంపె, ఆరె మాత్రం చేతుల్లో మిగిలాయి.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఇదే అమృతలూరు మండలంలో యలవర్రు ఉంది. 1922 సెప్టెంబరు 10న ఆ ఊళ్లో ఒక రైతు కుటుంబంలో యలవర్తి నాయుడమ్మ పుట్టాడు. కాశీలో రసాయన సాంకేతిక విద్య చదివి, తోలును తన శాస్త్రంగా ఎంచుకున్నాడు. రైతు ఇళ్లలో తోలు ముట్టుకుంటే తలంటు పోసుకునే కాలం అది. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి వచ్చాడు. 1948లో మద్రాసులో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958లో డైరెక్టరయ్యాడు. 1971లో దేశంలోని శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలికే అధిపతి అయ్యాడు. పచ్చి తోళ్లు, సగం శుద్ధి చేసిన తోళ్లు పరాయి దేశాలకు అమ్ముకోవడం కాదు, ఇక్కడి చేతులతో పూర్తి వస్తువు తయారుచేసి అమ్మాలని పట్టుబట్టిన తరం అది. 1985 జూన్ 23న ఐర్లండు తీరం దగ్గర ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలి చనిపోయిన 329 మందిలో ఆయన ఒకడు. తెనాలిలో ఏటా ఆయన పేరిట శాస్త్రవేత్తలకు అవార్డు ఇస్తున్నారు. తోలు తాకడం చదువుకున్నవాడికి గౌరవమేనని నిరూపించిన మనిషిది ఈ మట్టి. ఆ గౌరవంలో సగమైనా ఈ మొద్దు ముందు కూర్చున్న పెద్దాయనకు చేరాలని నేను గట్టిగా అనుకుంటాను.

పెద్దాయన రంపెతో రెండు ముక్కలు కోసి, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, రెక్కల దగ్గర అతికించాడు. ప్లేరు దూరే మధ్యభాగం వదిలేశాడు. రెండు పొరలనూ విడివిడిగా కోసి తర్వాత అతికిస్తే కంతలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు, లోపల మెట్టు పడుతుంది, బెల్టు అక్కడ తట్టుకుంటుంది. అతికించాకే కోయాలి.

"నీ బెల్టు విప్పియ్యి."

కుర్రాడు విప్పి ఇస్తాడు. ఆయన టేపు తీయడు. బెల్టునే రెక్క మీద అడ్డంగా పెట్టి పైనా కిందా ఆరెతో గీత గీస్తాడు. బెజ్జం బయటి అంచు గీతకు ఒక దారం మందం బయటికి పడేలా చుక్క పెడతాడు. ఆ సందే బెల్టుకు ఊపిరి. అంతకంటే తక్కువైతే బెల్టు దూరదు, ఎక్కువైతే ఒర పైకీ కిందికీ ఆడుతుంది. రెక్క చివరి అంచుకీ కంతకీ మధ్య వేలి వెడల్పు తోలు మిగిలిందో లేదో వేలు పెట్టి చూసుకుంటాడు. అంతకు తగ్గితే ఎంత గుండ్రటి కొస ఉన్నా రెక్క తెగుతుంది.

గుండు పంచ్ తీసుకుంటాడు. మూతిని మైనం ముద్దలో ఒకసారి గుచ్చి తీస్తాడు. చుక్క మీద నిలబెడతాడు. కొయ్యసుత్తి ఒక్కటే దెబ్బ, తర్వాత మణికట్టు చిన్నగా తిప్పుతాడు, ఇంకో దెబ్బ. చప్పుడు మారుతుంది. మొదటి దెబ్బ మొద్దుబారి వినిపిస్తుంది, రెండోది మొద్దుకు తగిలి గట్టిగా. తోలు కింద కొయ్య తగిలిందని చేతికంటే ముందు చెవికి తెలుస్తుంది. గుండ్రటి బిళ్ల పంచ్ వెనక నుంచి దానంతటదే రాలిపోతుంది. అలా నాలుగు బెజ్జాలు. రెండు కంతలకు నాలుగు కొసలు.

కొయ్యసుత్తే ఎందుకని మీరు అడుగుతారు. ఆయన మూలనున్న ఒక పాత పంచ్ చూపిస్తాడు. దాని తల ఇనుప సుత్తి దెబ్బలకు పూవులా విచ్చుకుని, ఒక పెచ్చు ఎగిరిపోయి ఉంది. ఇనుము ఇనుమును కొడితే తల నలుగుతుంది, పెచ్చు కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది. తుమ్మకొయ్య దెబ్బ కొంచెం ఆగి దిగుతుంది, పనిముట్టును నిలువుగా తోస్తుంది.

ఇప్పుడు ఉలి. ఇది వడ్రంగి ఉలే, అంగుళం వెడల్పు. వడ్రంగి కంటే సన్నటి వాలుగా సాన పట్టి, తోలుముక్క మీద రుద్ది రుద్ది అద్దంలా చేశాడు. ఒకవైపు చదును, ఒకవైపు వాలు. గమనించండి: ఆయన చదును ముఖాన్ని ఎప్పుడూ మిగలాల్సిన తోలు వైపు పెడుతున్నాడు, వాలు ముఖం పారేసే ముక్క వైపు. వాలు తను దిగిన కొద్దీ తోలును పక్కకు తోస్తుంది. ఆ తోపుడు పారేసే ముక్క మీద పడితే కంత గోడ నిటారుగా నిలబడుతుంది. తిరగేసి పెడితే గోడ లోపలికి వాలుతుంది, కింది పొరలో కంత ఇరుకవుతుంది.

మొదటి కోత ఒక బెజ్జం అంచు నుంచి. రెండో కోతకు ఉలిలో సగం మొదటి కోతలోనే ఉంచి, సగం ముందుకు జరుపుతాడు. పాత కోతే కొత్త కోతకు గీతగా నిలుస్తుంది. ఉలి ఎక్కడా బెజ్జం గుండ్రం దాటి పోదు, దాని గోడను తాకి ఆగుతుంది. రెండో వైపు కూడా అంతే. సన్నటి పట్టీ ముక్క ఊడి మొద్దు మీద పడుతుంది. మీరు ఆ ముక్క తీసుకుని చూడండి, పైనా కిందా ఒకే వెడల్పు.

అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు కూడా ఇలాగే చిన్న ఉలులూ పంచ్‌లే వాడతారు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల మేకతోలు వెలుతురు దూరేంత పల్చన, బొమ్మ నగల్లో వందల చిల్లులు దీపం కోసం పొడుస్తారు. ఇక్కడ చిల్లు బరువు మోయడానికి. కానీ పనిముట్టుకు ఇచ్చే మర్యాద ఒకటే: పదును చేసేది వాడే చేయి.

పదును ఎలా పెడతాడో మీరు అడగకముందే చూపిస్తున్నాడు. గుండు పంచ్‌ను నూనెరాయి మీద వాల్చి, బయటి వాలును మాత్రమే చక్రంలా తిప్పుతూ రుద్దుతున్నాడు. లోపలి గోడను రాయి ముట్టదు. లోపల వాలు పడితే బెజ్జం సైజు పెరుగుతుంది, బిళ్ల లోపల ఇరుక్కుంటుంది. లోపలికి పుల్లకు చుట్టిన సన్న ఎమెరీ మాత్రం పోతుంది, అదీ కేవలం మెరుపు కోసం. ఆన్‌లైన్‌లో వచ్చిన కొత్త పంచ్‌లు చాలామటుకు సగం పదునుతోనే వస్తాయి. కొన్నరోజే వాడి, పని సరిగ్గా రాలేదని పనిముట్టును తిట్టేవాళ్లు ఎక్కువ. గరుకుగా ఉన్న చవక పంచ్‌కు ఒక గంట రాయి పెడితే ఖరీదైనదానికి దీటుగా పనిచేస్తుంది, ఉక్కు మరీ మెత్తనిది కాకపోతే.

కంత గోడలకు ఎమెరీ, తర్వాత తుమ్మబంక నీళ్లు వేలితో అద్ది, నున్నటి కొయ్యపుల్లతో వేడెక్కేదాకా రుద్దుతాడు. నూగు అణిగి గోడ గట్టిపడి నల్లగా మెరుస్తుంది. తర్వాత మైనం. కంత చుట్టూ అయిదు మిల్లీమీటర్ల దూరంలో కుట్టు పడుతుంది. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు, ప్రతి బెజ్జంలోంచి రెండూ ఎదురెదురుగా పోతాయి. ఎక్కడైనా ఒక కుట్టు తెగినా పక్క కుట్లు ఊడిరావు. మిషన్ కుట్టుకు ఈ ఓపిక లేదు.

చివరగా మధ్యభాగం నీళ్లలో ముంచి, ప్లేరును ప్లాస్టిక్ కవరులో చుట్టి లోపలికి తోసి, బొటనవేళ్లతో చుట్టూ నొక్కుతాడు. తోలు ప్లేరు ఆకారం పట్టుకుంటుంది. ఎండలో పెట్టడు. ఎండకు తోలు బిగుసుకుని పెళుసవుతుంది. వేపనీడలోనే రేపటిదాకా ఆరాలి.

కుర్రాడికి ఆత్రం. కంతలో బెల్టు కొస పెట్టి తోస్తాడు. సగం దాకా పోయి బిగుసుకుంటుంది.

"పట్టేసింది బాబాయ్."

"పట్టాలి. వేలితో నెట్టు. వారం తిరిగితే నీ నడుముకు అదే సర్దుకుంటది. ఈ రోజే వదులుగా ఉంటే వారానికి ఊగుద్ది."

కుర్రాడు నెట్టాడు. బెల్టు దూరింది. పైకీ కిందికీ లాగి చూశాడు, కదల్లేదు.

"ఎనిమిది మీటర్ల స్తంభం ఎక్కుతావు. ప్లేరు జారితే కింద ఉన్నోడి తల మీద పడుద్ది. అందుకే కొసలకి ఇంత చాకిరీ," అంటాడు పెద్దాయన. "ఇంకోటి చెప్తా విను. తోలు ఉంది కదాని కరెంటు ఆపకుండా చెయ్యి పెట్టేవు. లైన్ క్లియర్ తీసుకున్నాకే ఎక్కు."

"తీసుకోకుండా ఎక్కను బాబాయ్."

కూలి ఎంతో చెప్పాడు. కుర్రాడు బేరమాడకుండా ఇచ్చాడు. మీరు లేచి దుమ్ము దులుపుకుంటుంటే ఆయన అప్పుడే మువ్వల పట్టెడను మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

మీరూ ఇలాంటి ఒర సొంతంగా కుట్టాలనుకుంటే నా మాట వినండి. మొదట పొడుగు పంచ్ కొనకండి. 5 మిల్లీమీటర్ల గుండు పంచ్ ఒకటి, అంగుళం ఉలి ఒకటి, నూనెరాయి ఒకటి, కొయ్యసుత్తి, అడ్డకోత మొద్దు. ఈ అయిదింటితో ఏ బెల్టుకైనా కంత పడుతుంది. వ్యర్థపు తోలు మీద ఒక కంత కోసి బెల్టు దూర్చి చూసుకున్నాకే అసలు ముక్క ముట్టుకోండి. కుట్టించుకునేవాళ్లయితే పనిముట్టూ, కట్టుకునే బెల్టూ రెండూ వెంట తీసుకెళ్లండి, కొలత కాగితం మీద రాసి పంపకండి.

నాయుడమ్మ పుట్టిన మండలంలో తోలుపని నేర్పే ఒక చిన్న కార్యశాల పెట్టాలి. పెట్టేవాళ్లు అందులో గురువు పీట చింతమొద్దు ముందు కూర్చున్న ఈ చేతులకే ఇవ్వాలి, నెలజీతంతో.